క్రాసింగ్ కోసం పుట్టిన స్టేషన్లు

జపాన్‌లో ఏదైనా పాత పల్లె స్టేషన్లో ప్లాట్‌ఫారం అంచును పట్టాల వైపు నుంచి చూస్తే రెండు మూడు పొరలు కనిపిస్తాయి. అడుగున చెక్కిన రాళ్ల కట్టుబడి. దానిమీద రంగు మారిన కాంక్రీటు వరస. ఆపైన ఇంకో జానెడు ఎత్తు పెంచి తారు పోసిన నేల. చూడగానే ఏదో మరమ్మతు అతుకులా అనిపిస్తుంది గానీ, లెక్క ప్రకారం జరిగిన పని అది. ఆవిరి ఇంజన్లు పెట్టెలను లాగే రోజుల్లో పట్టాల మీది నుంచి ప్లాట్‌ఫారం ఎత్తు 760 మిల్లీమీటర్లు ఉండేది. పెట్టెకు మెట్టు ఉండేది కాబట్టి ప్రయాణికులు ఒక అడుగు పైకి వేసి ఎక్కేవాళ్లు. కరెంటు రైళ్లు వచ్చాక గుమ్మమూ ప్లాట్‌ఫారమూ ఇంచుమించు ఒకే మట్టంలో ఉండాలని ఎత్తును 1,100 మిల్లీమీటర్లకు పెంచారు. రెండు రకాల బళ్లూ ఆగే చోట రాజీగా 920 దగ్గర ఆపారు.

అయితే ప్లాట్‌ఫారం మొత్తాన్ని పెంచిన ఊళ్లు తక్కువ. ఒకప్పుడు ఎనిమిది, పది పెట్టెల బండి వచ్చిన చోటికి ఇప్పుడు ఒకటో రెండో పెట్టెలు వస్తాయి. ఆ రెండు పెట్టెలూ ఆగేంత మేర పెంచి మిగతాది వదిలేశారు. గడ్డి మొలిచిన ఆ పాత భాగం ఎంత పొడవుందో చూస్తే అక్కడ ఒకప్పుడు ఎంత పెద్ద బండి ఆగేదో తెలిసిపోతుంది.

ఇలాంటి స్టేషన్ల ఫొటోలు ఇప్పుడు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. సముద్రం ఒడ్డున ఒక్క బెంచీ, కొండల మధ్య చెక్క కప్పు, మంచులో ఒంటరి దీపం. అందంగానే ఉంటాయి. కాకపోతే ఆ అందం చాలావరకు ఖాళీతనం తెచ్చిపెట్టింది. ఈ స్టేషన్లు కట్టినప్పుడు ఖాళీగా ఉండాలని ఎవరూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే వీటిలో చాలావాటికి ప్రయాణికుడు మొదటి కారణం కూడా కాదు. ఒకే లైను మీద ఎదురెదురుగా వచ్చే రెండు బళ్లను ఢీకొనకుండా దాటించడమే అసలు పని. ఊరి పేరు పెట్టుకున్నా, స్టేషన్ పుట్టింది క్రాసింగ్ కోసం.

జపాన్‌లో మొదటి రైలు మార్గం 1872లో టోక్యోలోని షింబాషి నుంచి యోకొహామా వరకు నడిచింది. దూరం సుమారు 29 కిలోమీటర్లు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంజనీరు ఎడ్మండ్ మోరెల్ ఆ పనికి పెద్ద. లైను పూర్తి కాకముందే, 1871లో ఆయన చనిపోయాడు. పట్టాల మధ్య వెడల్పు 1,067 మిల్లీమీటర్లుగా పెట్టారు. మన బ్రాడ్‌గేజి కన్నా బాగా సన్నం, మీటరుగేజి కన్నా కొంచెం ఎక్కువ. డబ్బు తక్కువ, కొండలు ఎక్కువ ఉన్న దేశానికి అది చవకైన దారి. ఆ నిర్ణయం దేశం మొత్తానికీ అంటుకుపోయింది. 1889కి టోక్యో నుంచి కోబె దాకా లైను పడింది. 1906లో చట్టం చేసి 17 ప్రైవేటు కంపెనీలను ప్రభుత్వం కొనేసింది. 1922లో మరో చట్టం వచ్చి, దేశంలో ఇంకా ఎక్కడెక్కడ లైన్లు వేయాలో పెద్ద జాబితా రాసి పెట్టింది. ఓట్ల కోసం మా ఊరికి రైలు తెస్తానని నాయకులు మాట ఇవ్వడం మనకు కొత్త సంగతి కాదు, వాళ్లకూ కాదు. ఈశాన్యంలోని ఒఫునతో లైను పటంలో చూస్తే తిన్నగా పోవలసిన చోట ఉత్తరానికి తిరిగి, మళ్లీ దక్షిణానికి వస్తుంది. రెండు పార్టీల నాయకులు దాన్ని చెరో వైపూ లాగారు.

ఇలా వేసిన ప్రాంతీయ లైన్లలో ఎక్కువ భాగం సింగిల్ లైన్లే. సింగిల్ లైను మీద రోజుకు ఎన్ని బళ్లు నడపవచ్చన్నది పట్టాల పొడవు చెప్పదు, క్రాసింగ్ స్టేషన్లు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది చెబుతుంది. రెండు స్టేషన్ల మధ్య దూరం దాటడానికి పది నిమిషాలు పడితే, ఆ పది నిమిషాలూ ఎదుటి బండి ఆగి ఉండాల్సిందే. అందుకే ఊరు ఉన్నా లేకపోయినా ఇంత దూరానికొక లూప్ లైను, అంటే ఒక బండి పక్కకు తప్పుకుని నిలబడే లైను, దాన్ని చూసుకోవడానికి మనుషులు. కొన్నిచోట్ల ప్రయాణికులు ఎక్కే వీలే లేకుండా కేవలం క్రాసింగ్ కోసం సిగ్నల్ కేంద్రాలు కట్టారు. హొక్కైడోలో రెండు సొరంగాల మధ్య సన్నటి ఖాళీలో ఉన్న కొబోరో అలా 1943లో సిగ్నల్ కేంద్రంగా మొదలైంది. దాని చుట్టూ ఇప్పటికీ ఊరు లేదు. రోడ్డూ లేదు.

జపాన్ పల్లె స్టేషన్ల అమరికలో ఒక నమూనా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రెండు ప్లాట్‌ఫారాలు, మూడు లైన్లు. స్టేషన్ భవనాన్ని ఆనుకుని ఒక ప్లాట్‌ఫారం, దానికి ఒకటో నంబరు లైను. అవతల రెండు వైపులా పట్టాలున్న ప్లాట్‌ఫారం, దానికి రెండు, మూడు నంబర్లు. ప్రభుత్వ రైల్వే దేశమంతా ఇదే పద్ధతిలో కట్టింది కాబట్టి అక్కడి రైలు అభిమానులు దీన్ని ప్రభుత్వ రైల్వే అమరిక అనే పిలుస్తారు.

ఇందులో తెలివంతా నడిమి లైనులో ఉంది. ఒకటో లైను మీద ఒక దిక్కు బండి, మూడో లైను మీద ఎదురు బండి. మధ్యలో ఉన్న రెండో లైను ఎవరికీ సొంతం కాదు, ఏ దిక్కు నుంచి వచ్చిన బండినైనా అందులోకి తీసుకోవచ్చు. నత్తనడక గూడ్సును అందులో పక్కన పెట్టి, రెండు ప్యాసింజర్లను ఒకదాన్నొకటి దాటించవచ్చు. రెండు దిక్కులకూ చెరొక లూప్ వేస్తే నాలుగు లైన్లు, నాలుగింటికి బండిని లైను మార్చే పాయింట్లు కావాలి. ఇక్కడ మూడింటితో పని జరిగిపోతుంది. పైగా ఒకటో లైను భవనం ముందే ఉంటుంది కాబట్టి సామాన్లతో వచ్చిన ముసలివాళ్లు పట్టాలు దాటకుండానే బండి ఎక్కేస్తారు. ఊరి బళ్లు వచ్చే వైపునే, భవనానికి ఒక పక్కగా గూడ్స్ ప్లాట్‌ఫారం. బియ్యం, బొగ్గు, కలప, చేపలు అక్కడే ఎక్కేవి, దిగేవి. ఈ పటం ఒక్కసారి మనసుకెక్కితే ఏ స్టేషన్లో దిగినా, పట్టాలు పీకేసిన చోట్ల కూడా, ఎక్కడ ఏముండేదో పోల్చుకోవచ్చు. స్టేషన్ పక్కన అకారణంగా పొడుగ్గా, సన్నగా ఉన్న కారు పార్కింగు కనిపిస్తే అది పాత గూడ్స్ యార్డు అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ.

బళ్లను దాటించడానికి పట్టాలుంటే చాలదు, నమ్మకం కావాలి. ఎదురుగా ఇంకో బండి రావడం లేదని డ్రైవరుకు ఎవరు హామీ ఇస్తారు? జపాన్‌లో ఆ హామీ ఒక లోహపు బిళ్ల రూపంలో ఉండేది. ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ టయర్ 19వ శతాబ్దం చివర్లో తయారుచేసిన పద్ధతి ఇది. పక్కపక్క స్టేషన్లలో రెండు యంత్రాలు, వాటి మధ్య తీగ. రెండు స్టేషన్ల వాళ్లూ గంటలు కొట్టుకుని ఒప్పుకుంటేనే ఒక యంత్రం నుంచి ఒక బిళ్ల బయటికొస్తుంది. అది బయట ఉన్నంతసేపూ రెండు యంత్రాలూ బిగుసుకుపోతాయి, రెండో బిళ్ల రాదు. బిళ్ల చేతిలో ఉన్న డ్రైవరుకే ఆ మార్గం మీద హక్కు. ఇంటికి ఒక్కటే తాళంచెవి ఉంటే ఇద్దరు ఒకేసారి తలుపు తీయలేరు కదా, అదే సూత్రం.

ఈ బిళ్ల మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. ఒక స్టేషన్‌కు అటు వైపు మార్గానికి గుండ్రటి రంధ్రం, ఇటు వైపు మార్గానికి చదరపు రంధ్రం. తర్వాతి మార్గాలకు త్రికోణం, కోడిగుడ్డు ఆకారం. చీకట్లో, వానలో, అలసటలో కూడా వేలితో తడిమి తేడా పట్టుకోవచ్చు. బిళ్లను తోలుసంచిలో పెట్టి, సంచికి పెద్ద వలయం తగిలించి ఇచ్చేవాళ్లు. మన సింగిల్ లైన్ల మీద పాయింట్స్‌మన్ రింగు ఎత్తి పట్టుకుని డ్రైవరుకు టోకెన్ అందించడం చూసిన పాతతరం వాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది. మన దగ్గర సంచిలో చాలాచోట్ల ఇనుప బంతి ఉండేది, వాళ్ల దగ్గర బిళ్ల. ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్‌ల కోసం ప్లాట్‌ఫారం చివర నత్తగుల్లలా మెలితిరిగిన ఇనుప కొక్కెం పాతేవాళ్లు. డ్రైవరు పాత వలయాన్ని దానికేసి విసిరి, ముందున్న స్తంభం నుంచి కొత్తదాన్ని చేత్తో లాక్కునేవాడు. కొన్ని స్టేషన్లలో ఆ కొక్కెం ఇప్పటికీ నిలబడి ఉంది.

ఈ పద్ధతి పూర్తిగా పోలేదు కూడా. ఉత్తరాన అకితా రాష్ట్రంలో యురి కోగెన్ రైల్వే మయెగో స్టేషన్లో స్టేషన్ మాస్టరు, డ్రైవరు బిళ్లలు మార్చుకోవడం చూడవచ్చు. ఇంకా పైకి వెళ్తే త్సుగరు రైల్వే కనగి స్టేషన్లో చెయ్యి దింపే పాత రకం సిగ్నల్ స్తంభాలు ఇంకా పనిచేస్తున్నాయి.

కొండల్లోకి వెళ్లేసరికి క్రాసింగ్ కష్టం రెట్టింపవుతుంది. ఆవిరి ఇంజను ఏటవాలు మీద ఆగితే మళ్లీ కదలడం దానికి ప్రాణసంకటం. కాబట్టి స్టేషన్ చదునుగా ఉండాలి. చుట్టూ చదును లేకపోతే? పక్కన కొండను తొలిచి ఒక చదును మెట్టు తయారుచేస్తారు, బండిని ఎక్కుడు దారి నుంచి పక్కకు తప్పించి ఆ మెట్టు మీదికి తెస్తారు. పని అయ్యాక వెనక్కి నడిపి, మళ్లీ ముందుకు దౌడు తీయిస్తారు. నగానో రాష్ట్రంలో ఒబాసుతే స్టేషన్ అలాంటిదే. 1900లో కట్టారు, ఎత్తు 551 మీటర్లు, అక్కడి లైను వెయ్యి మీటర్లకు 25 మీటర్లు ఎక్కుతుంది. ఎక్స్‌ప్రెస్‌లు ఏటవాలు మీదుగా నేరుగా పోతాయి. ప్యాసింజర్లు మాత్రం ఇప్పటికీ ముందుకూ వెనక్కూ నడుస్తాయి. ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడితే కింద లోయ మొత్తం పరుచుకుని కనిపిస్తుంది. జపాన్‌లో రైలు కిటికీ లోంచి చూడదగ్గ మూడు గొప్ప దృశ్యాల్లో దీన్నొకటిగా చెబుతారు. ఆ దృశ్యం కోసమని అక్కడ స్టేషన్ కట్టలేదు. ఇంజనుకు ఊపిరి తీసుకునే చోటు కావాలి, అది అక్కడ దొరికింది.

ఈ విద్య పరాకాష్ఠకు చేరింది దక్షిణాన క్యూషు దీవిలో, ఒకోబా దగ్గర. హిసత్సు లైను మీద యత్సుషిరో నుంచి హితొయోషి వరకు 1908లో, అక్కడి నుంచి యోషిమత్సు వరకు 1909లో బళ్లు నడిచాయి. సముద్రం ఒడ్డున చదునైన దారి ఉండగా లైనును కొండల్లోకి ఎందుకు ఎక్కించారంటే, తీరాన వేస్తే శత్రువు యుద్ధనౌకల ఫిరంగులకు దొరుకుతుందని సైన్యం భయపడిందని చెబుతారు. కారణమేదైనా భారం మోసింది ఇంజన్లు. ఒకోబాలో లైను కొండ చుట్టూ పెద్ద చుట్టు తిరిగి తనను తానే దాటుకుంటూ ఎక్కుతుంది, ఆ చుట్టు మధ్యలోనే బళ్లు వెనక్కీ ముందుకీ నడిచే స్టేషన్ ఉంది. చుట్టూ, వెనుకనడకా రెండూ ఒకేచోట ఉన్న స్టేషన్ జపాన్ మొత్తం మీద ఇదొక్కటే. ఇంజను ఇక్కడ నీళ్లు పట్టుకునేది, ఆ నీళ్ల కోసం కట్టిన రాతి బురుజు ఇంకా ఉంది. ప్లాట్‌ఫారం మీద పువ్వులా విచ్చుకున్న ఒక రాతి తొట్టి కూడా ఉంది. వరుస సొరంగాల్లో పొగ మింగి, మసి పట్టిన ముఖాలతో దిగిన ప్రయాణికులు అందులో కడుక్కునేవాళ్లు. ఇంజనుకు బురుజు, మనిషికి తొట్టి. ఈ లెక్క చూస్తే ఎవరికి ముందు పీట వేశారో తెలుస్తుంది.

ఇక్కడో చిన్న పక్కదారి. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే మన కొండ లైను పుట్టింది కూడా జపాన్ వల్లే. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు మిల్లులకు కావాల్సి వచ్చింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో, జపాన్ తోడ్పాటుతో ఆ లైను వేశారు. మనం బొర్రా గుహలు చూడ్డానికి ఎక్కే బండి ఆ ఖనిజం బళ్లకు దారిస్తూ నిలబడ్డ ప్రతిసారీ అక్కడా ఇదే కథ.

స్టేషన్ భవనం దగ్గరికి వద్దాం. హిసత్సు లైను మీదే, కగోషిమా రాష్ట్రంలో కరేయిగావా, ఓసుమి-యోకొగావా అనే రెండు చిన్న స్టేషన్లున్నాయి. రెండూ 1903 జనవరిలో మొదలయ్యాయి, రెండింటి చెక్క భవనాలూ అప్పటివే. ఓసుమి-యోకొగావా ప్లాట్‌ఫారం మీది చెక్క స్తంభంలో రెండో ప్రపంచయుద్ధంలో విమానం నుంచి కాల్చిన తూటా రంధ్రం అలాగే ఉంచారు. కరేయిగావాలో ఇప్పుడు ఒకే ప్లాట్‌ఫారం, ఒకే లైను. భవనం లోపల మాత్రం చెక్క బెంచీలు, టికెట్ కిటికీ, బయటికెళ్లే దారిలో చేతుల రాపిడికి నునుపెక్కిన చెక్క గేటు ఉన్నాయి. అక్కడ అమ్మే అన్నం పెట్టెలో పుట్టగొడుగులు, వెదురు మొలకలు, చిలగడదుంప పకోడీ ఉంటాయి. దానికోసమే బండి దిగేవాళ్లున్నారు. ఆ పకోడీకి వచ్చిన పేరు చూస్తే స్టేషన్‌కు ఇంకో వందేళ్లు ఢోకా లేదనిపిస్తుంది, కానీ స్టేషన్ల ఆయుష్షు పకోడీల చేతుల్లో ఉండదు.

ఇలాంటి భవనాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఎందుకుంటాయంటే, చాలావరకు అచ్చులోనే పోశారు. 1930లో రైల్వే మంత్రిత్వ శాఖ చిన్న స్టేషన్ల భవనాలకు ప్రామాణిక పటాలు విడుదల చేసింది. రద్దీని బట్టి నమూనా ఎంచుకోవడమే. సగం వేచి ఉండే గది, సగం ఆఫీసు, మధ్య గోడలో టికెట్ కిటికీ. దాని పక్కనే ఇంకో కిటికీ ఉంటుంది, దాని బల్ల మోకాలి కన్నా కాస్త పైకి మాత్రమే ఉంటుంది. పార్సిళ్లకు అది. బరువైన మూటను రొమ్ము ఎత్తుకు లేపనక్కర్లేదు. ప్రభుత్వ రైల్వే చిన్న సామాను రవాణాను 1986లో ఆపేసింది. అప్పటి నుంచి ఆ బల్లల మీద పూలకుండీలు, పాత ఫొటోల ఆల్బములు పెడుతున్నారు. ఆఫీసు గదికి పట్టాల వైపు కిటికీ గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. స్టేషన్ మాస్టరు కుర్చీలోంచి లేవకుండానే రెండు దిక్కులా లైను చూడాలి కదా. ప్రయాణికుడికి గోడ, మాస్టరుకు కిటికీ. సిగ్నళ్లు, పాయింట్లు లాగే ఇనుప లీవర్లు ఆ కిటికీకి ఎదురుగా ప్లాట్‌ఫారం మీద ఉండేవి.

ఇంకా పాతవి కావాలంటే, క్యోటోలోని ఇనారి స్టేషన్లో 1879 నాటి ఇటుక గది ఉంది. కరెంటు రాకముందు సిగ్నళ్లకూ బండ్లకూ వాడే కిరసనాయిలు దీపాలను అందులో పెట్టేవాళ్లు. నిప్పు భయంతో దాన్ని ఇటుకతో, కాస్త ఎడంగా కట్టారు. అయిచి రాష్ట్రంలోని కమెజాకి భవనం 1886 నాటిదని, వాడుకలో ఉన్నవాటిలో అదే అతి పాతదని అంటారు.

రెండో లైను పడితే క్రాసింగ్ బాధ ఉండదు, నిజమే. కానీ రెండో లైను మొదటిదాని పక్కనే పడాలని లేదు. గున్మా రాష్ట్రంలో దొఆయి స్టేషన్ అందుకు విపరీతమైన ఉదాహరణ. 1931లో షిమిజు సొరంగం తవ్వి కొండ దాటినప్పుడు అక్కడొక సిగ్నల్ కేంద్రం మాత్రమే ఉండేది. 1936లో దాన్ని ప్రయాణికుల స్టేషన్ చేశారు. 1967లో లైను డబ్లింగు జరిగింది. కొత్త లైనును పాత సొరంగం పక్కన కాకుండా బాగా లోతున, సుమారు 13.5 కిలోమీటర్ల కొత్త సొరంగంలో వేశారు. ఫలితంగా టోక్యో వైపు వెళ్లే బండి నేల మీద ఆగుతుంది. టోక్యో నుంచి వచ్చే బండి దాదాపు 70 మీటర్ల లోతున, చీకట్లో ఆగుతుంది. అందులోంచి దిగినవాడు ఒకే వరుసలో 462 మెట్లు, ఆ తర్వాత ఇంకో 24 ఎక్కితే గానీ టికెట్ గేటు దగ్గరికి రాలేడు. మెట్ల పక్కన ఎస్కలేటరు కోసం వదిలిన ఖాళీ అలాగే ఉంది, ఎస్కలేటరు రాలేదు. ఇంజనీర్లకు ఏటవాలు తగ్గింది, సొరంగం తిన్నగా పోయింది, బళ్లు వేగం పుంజుకున్నాయి. మెట్ల సంగతి ఎక్కేవాళ్లు చూసుకోవాలి. స్టేషన్లు ఎవరి కోసం కడతారన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు ఇంకెక్కడా కనబడలేదు.

మరి ఈ స్టేషన్లు ఎప్పుడు ఖాళీ అయ్యాయి? కార్లు వచ్చాయి, పల్లెలు తగ్గాయి, పిల్లలు పట్నం పోయారు. అందరూ చెప్పే కారణాలే, అబద్ధం కాదు. కానీ మనుషులు స్టేషన్లను వదిలిన దానికన్నా ముందు, పని స్టేషన్లను వదిలింది. ఎక్కడో దూరంగా ఒక గదిలో కూర్చుని మొత్తం లైను మీది సిగ్నళ్లూ పాయింట్లూ నడిపే కేంద్ర నియంత్రణ పద్ధతి 1970లు, 80లలో ప్రాంతీయ లైన్లకు పాకింది. బిళ్లలు పోయాయి. చిన్నచోట్ల అసలు ఎవరూ తిప్పనక్కర్లేని స్ప్రింగు పాయింట్లు పెట్టారు. వచ్చే బండి ఎప్పుడూ ఎడమ లైనులోకే పోతుంది, వెళ్లే బండి చక్రాలు పట్టాను పక్కకు నెట్టుకుంటూ బయటపడతాయి, స్ప్రింగు దాన్ని మళ్లీ యథాస్థానానికి తెస్తుంది. టికెట్లు అమ్మడమన్నది బళ్లను దాటించే మనిషి తీరిక వేళల్లో చేసే పనే కాబట్టి, దాటించే పని పోగానే అతనూ పోయాడు.

1984 ఫిబ్రవరి టైంటేబుల్ మార్పుతో గూడ్స్ బళ్లను యార్డు నుంచి యార్డుకు విడగొట్టి, మళ్లీ జోడించి పంపే పద్ధతి రద్దయింది. దాంతో వందల చిన్న స్టేషన్లలో సరకు దిగడం ఆగింది. గూడ్స్ బండి చివర గార్డు పెట్టెలు కూడా అక్కర్లేకుండా పోయాయి. హొక్కైడోలో కూలిపోతున్న చెక్క భవనాలు తీసేసి, చక్రాలు ఊడదీసిన ఆ గార్డు పెట్టెలనే ప్లాట్‌ఫారం పక్కన పెట్టి వేచి ఉండే గదులుగా మార్చారు. తుప్పుపట్టిన ఇనప్పెట్టెలో కూర్చుని బండి కోసం చూసేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, వాళ్లు కూర్చున్నది గార్డు కుర్చీ ఉన్న చోట.

అప్పటికే ప్రభుత్వ రైల్వే అప్పుల్లో మునిగి ఉంది. 1980లో చేసిన చట్టం ప్రయాణికులు మరీ తక్కువున్న 83 లైన్లను ఏరింది. వాటిని బస్సులకో, స్థానిక ప్రభుత్వాలు భాగస్వాములైన కంపెనీలకో వదిలేశారు. తీరం వెంబడి నడిచే సన్‌రికు రైల్వే 1984లో అలా మొదలైంది. 1987 ఏప్రిల్ 1న ప్రభుత్వ రైల్వేనే ఆరు ప్రయాణికుల కంపెనీలుగా, ఒక సరకు కంపెనీగా విడగొట్టారు. 2020 నాటికి దేశంలోని సుమారు 9,500 స్టేషన్లలో దాదాపు సగం సిబ్బంది లేనివే.

సిబ్బంది లేని చోట బండే స్టేషన్ పని చేస్తుంది. వెనక తలుపులోంచి ఎక్కి, అక్కడున్న పెట్టె లోంచి నంబరు చీటీ లాక్కోవాలి. డ్రైవరు నెత్తి మీద ఒక బోర్డు ఉంటుంది, ఆ నంబరు కింద ఛార్జీ స్టేషన్ స్టేషన్‌కూ పెరుగుతూ పోతుంది. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర, డ్రైవరు పక్కనున్న డబ్బాలో చీటీ, చిల్లర వేయాలి. చిల్లర లేకపోతే ఆ డబ్బాలోనే నోటు మార్చుకోవచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు మాత్రం ముచ్చట కాదు. ర్యాంపు వేసే మనిషి కోసం వాళ్లు ముందుగా కబురు పెట్టుకోవాలి. 2020లో క్యూషులోని ఓయితాలో కొందరు ఈ విషయం మీద కోర్టుకు కూడా వెళ్లారు.

ఒకే ఒక్క విద్యార్థిని కోసం జపాన్ రైల్వే ఒక స్టేషన్‌ను నడిపిందన్న కథ 2016 జనవరిలో ప్రపంచమంతా తిరిగింది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతోంది. హొక్కైడోలో ఆ స్టేషన్ పేరును కమి-షిరతాకి అని రాశారు, నిజానికి ఆ అమ్మాయి ఎక్కింది క్యూ-షిరతాకిలో. అవి, వాటి పక్కనే ఉన్న షిమో-షిరతాకి, మూడూ ఆ ఏడాది మార్చి టైంటేబుల్ మార్పులో ఒకేసారి మూతపడ్డాయి. మార్చితోనే జపాన్‌లో చదువుల సంవత్సరం ముగుస్తుంది, టైంటేబుళ్లు మారేదీ అప్పుడే. బండి ఆమె కోసం నడవలేదు, అసహికావా, అబషిరి పట్నాల వైపు ఎలాగూ పోతుంది. మధ్యలో ఒక నిమిషం ఆగేది. అక్కడ మిగిలిందల్లా ఒక గది, ఒక పొట్టి ప్లాట్‌ఫారం, చలికాలంలో మంచు తవ్వాల్సిన ఖర్చు. ఆ ఖర్చు భరించలేకనే హొక్కైడో రైల్వే కంపెనీ 2021 మార్చిలో మరో 18 స్టేషన్లను ఒక్క రోజులో మూసింది. కరుణ గురించిన కథగా దీన్ని చెప్పుకోవడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. పల్లె పిల్లకు బడికి పోయే బండి ఉండటం ఎవరో చూపిన దయ ఎలా అవుతుంది?

నన్ను ఎక్కువ కలవరపెట్టేది స్టేషన్ మూయడం కూడా కాదు, లూప్ పీకేయడం. సిబ్బంది పోయాక, ఒకే లైను చాలని పాయింట్లు తీసేసి అవతలి ప్లాట్‌ఫారం వదిలేస్తారు. నిర్వహణ ఖర్చు తగ్గుతుంది. భవనం అలాగే ఉంటుంది, బోర్డు ఉంటుంది, ప్రయాణికులకు తేడా తెలియదు. కానీ అక్కడ ఇక రెండు బళ్లు దాటుకోలేవు. తర్వాత ఎప్పుడైనా గంటకొక బండి నడుపుదామని ఊరివాళ్లు అడిగినా, టైంటేబుల్‌లో దానికి చోటు ఉండదు. బళ్లు తక్కువని జనం తగ్గారు, జనం లేరని లూపులు తీశారు, లూపుల్లేవని బళ్లు పెరగవు.

దీనికి తిరుగుదారి లేకపోలేదు. ఫుకుషిమాలో తదామి లైను 2011 జూలై వానలకు తెగిపోతే, పట్టాలూ స్టేషన్లూ రాష్ట్ర ప్రభుత్వం చేతికి తీసుకుంది, బళ్లు మాత్రం రైల్వే కంపెనీ నడుపుతుందని ఒప్పందం చేసుకుని 2022 అక్టోబరు 1న మళ్లీ తెరిచారు. తెగిన ఆ భాగంలో రోజుకు నడిచేది మూడు జతల బళ్లే. ఒకోబా స్టేషన్‌కు ఆ అదృష్టం ఇంకా రాలేదు. 2020 జూలైలో కుమా నది పొంగి వందేళ్ల నాటి వంతెనలు కొట్టుకుపోయాక యత్సుషిరో, యోషిమత్సుల మధ్య బళ్లు ఆగిపోయాయి.

టోక్యో దగ్గర చిబా రాష్ట్రంలో కొమినాతో రైల్వే మీద సతోమి అనే స్టేషన్ ఉంది. 2002లో దాని లూపు వాడటం ఆపేశారు, సిబ్బందిని తీసేశారు. యోరో లోయకు వెళ్లే జనం పెరిగి ఇంకో బండి దూర్చాల్సి వచ్చేసరికి, 2013లో ఆ లూపును మళ్లీ వాడుకలోకి తెచ్చారు. లూపు రాగానే టోకెన్ చేతులు మార్చడానికి మనిషి కావాలి. సతోమి స్టేషన్ ఆఫీసులో మళ్లీ ఒక ఉద్యోగిని కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆ కిటికీ దగ్గర టికెట్ కూడా దొరుకుతుంది.